పుట్టింటికి తిరిగొచ్చిన పవర్ సప్లై

మా ఇంట్లో ఒక ఆంప్లిఫయర్ ఉంది. కాలేజీ రోజుల్లో నేనూ నా రూమ్మేటూ కలిసి కట్టింది. లోపల ఎల్ఎం3886 చిప్పులు రెండు, చానల్‌కి ఓ యాభై వాట్లు. బరువు ఎనిమిది కిలోలు. అందులో సగం ఒక్క ట్రాన్స్‌ఫార్మరుదే. ఉద్యోగంలో చేరాక ఆరు ఇళ్ళు మారాను. మారిన ప్రతిసారీ మా ఆవిడ "ఈ ఇనప్పెట్టె కూడా మనతో వస్తోందా?" అని అడగటం, నేను వినపడనట్టు నటించటం మామూలే.

ఆఖరిసారి మారినప్పుడు మాత్రం దొరికిపోయాను. ఒక చేత్తో ఆంప్లిఫయరూ, ఇంకో చేత్తో లాప్‌టాప్ బ్యాగూ పట్టుకుని మూడో అంతస్తు ఎక్కుతుంటే వెనకనుంచి ఒక ప్రశ్న వచ్చింది. "లాప్‌టాప్ చార్జరు కూడా గోడలోంచి కరెంటు తీసుకుని వోల్టేజి తగ్గించేదే కదా? అది చేతిలో ఇమిడిపోతుంటే దీనికి ఈ బండరాయి ఎందుకు?"

నేను చదివింది ఈసీఈ. చేసేది జావా. ఆ రెంటికీ మధ్య ఎంత దూరమో మీకు వేరే చెప్పక్కర్లేదు. కానీ ప్రశ్న మాత్రం సూటిగా తగిలింది. నిజమే, ఎందుకు? ఆ వారమే నిర్ణయించుకున్నాను, ఆ ఇనప ట్రాన్స్‌ఫార్మర్ పీకేసి దాని స్థానంలో సొంతంగా ఒక స్విచింగ్ సప్లై, అదే మనందరం ఎస్ఎంపీఎస్ అనేది, కట్టాలని.

సామాన్ల కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను. ఫెర్రైట్ కోర్ అడిగితే కొట్టాయన "దేనికి సార్?" అన్నాడు. ఆడియోకి అన్నాను. "ఆడియోకా? వద్దు సార్, నాయిస్ వస్తది. ట్రాన్స్‌ఫార్మరే తీస్కపోండి" అన్నాడు. ఆయనొక్కడే కాదు, ఆడియో పిచ్చి ఉన్నవాళ్ళు ఎవర్నడిగినా ఇదే మాట. ఎస్ఎంపీఎస్ అనేది కంప్యూటర్ల సరుకు, సంగీతానికి పనికిరాదు అని.

ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దామని చరిత్ర తవ్వటం మొదలుపెడితే ఒక తమాషా విషయం తెలిసింది. స్విచింగ్ సప్లై కంప్యూటర్ల నుంచి ఆడియోలోకి వచ్చిన పరాయిపిల్ల కాదు. ఆడియో దాని పుట్టిల్లు. అత్తారింటికి వెళ్ళి అక్కడ పేరు తెచ్చుకుని, నలభై యాభై ఏళ్ళ తరవాత తిరిగొస్తే పుట్టింటివాళ్ళు గుర్తుపట్టలేదు. అంతే.

చరిత్రలోకి వెళ్ళేముందు ఒక్క చిన్న లెక్క చూద్దాం. బోరు కొట్టదు, నాదీ హామీ.

బావిలోంచి తొట్టిలోకి నీళ్ళు మొయ్యాలి. నిమిషానికి రెండుసార్లే తిరగగలను అంటే పెద్ద గంగాళం కావాలి. పరుగున వంద సార్లు తిరగగలిగితే చెంబు చాలు. తొట్టి నిండటానికి పట్టే సమయం ఒకటే. ట్రాన్స్‌ఫార్మరు పనీ ఇంతే. ఒక్కో చుట్టుకి ఎన్ని వోల్టులు వస్తాయి అనేది మూడింటి మీద ఆధారపడుతుంది: సెకనుకి ఎన్నిసార్లు కరెంటు దిశ మారుతోంది, కోర్ ఎంత లావుంది, ఆ కోర్ ఎంత అయస్కాంతాన్ని భరించగలదు. మన గోడలో వచ్చేది 50 హెర్ట్జ్. అందుకని ఇనప కోర్ అరచేతి మందాన ఉన్నా 230 వోల్టులకి ఐదు వందల దాకా చుట్లు చుట్టాలి. అదే 50 కిలోహెర్ట్జ్ అయితే తిరగటం వెయ్యి రెట్లు పెరిగింది. బొటనవేలంత కోరూ, నలభై యాభై చుట్లూ చాలు.

మరి గోడలో 50 హెర్ట్జే వస్తుంటే 50 కిలోహెర్ట్జ్ ఎక్కడ దొరుకుతుంది? మనమే తయారుచేసుకోవాలి. ముందు ఏసీని డీసీ చేసి, ఆ డీసీని ఒక స్విచ్చుతో టకటకా కోసి, ఆ ముక్కల్ని చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇచ్చి, అవతల మళ్ళీ డీసీ చెయ్యాలి. ఇదే మొత్తం రహస్యం. ఆలోచన చాలా పాతది. ఎప్పుడూ అడ్డుపడింది ఒక్కటే: అంత వేగంగా కొయ్యగలిగే స్విచ్చు.

ఇక చరిత్ర. కాయిల్‌లో కరెంటు పారించి హఠాత్తుగా ఆపితే పెద్ద వోల్టేజి పుడుతుందన్న సంగతి పందొమ్మిదో శతాబ్దానికే తెలుసు. 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ దాన్నే వాడి కారు ఇంజనుకి ఇగ్నిషన్ చేశాడు. కానీ దాన్ని పవర్ సప్లై అనలేం, అది నిప్పురవ్వ పుట్టించే యంత్రం.

అసలు కథ 1930లలో కారు రేడియోతో మొదలైంది. అప్పటి కారు బ్యాటరీ 6 వోల్టులు. రేడియోలో ఉండేవి వాల్వులు. వాటికి రెండొందల వోల్టుల దాకా కావాలి. మొదట్లో రేడియో కోసం విడిగా పెద్ద బ్యాటరీలు మోసుకెళ్ళేవారు. అవి ఖర్చు, పైగా చార్జి కావు, అయిపోతే పారెయ్యటమే. బ్యాటరీ ఇచ్చేది డీసీ, ట్రాన్స్‌ఫార్మర్ డీసీని ఎక్కించలేదు. అప్పుడు వచ్చింది వైబ్రేటర్. చూడటానికి చిన్న డబ్బా. లోపల కాలింగ్ బెల్లులో ఉండేలాంటి ఊగే రేకు. అది సెకనుకి వందసార్లకి పైగా ఊగుతూ బ్యాటరీ కరెంటుని అటూ ఇటూ తిప్పి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇస్తుంది. అవతల రెండొందల వోల్టులు. రేడియో పెట్టగానే సన్నగా "గుయ్" మనే శబ్దం దానిదే. కాంటాక్టులు కొన్నాళ్ళకి కాలిపోయేవి, అందుకని బల్బు మార్చినట్టు పీకి కొత్తది గుచ్చుకునేలా చేసేవారు.

డీసీని కొయ్యటం, ట్రాన్స్‌ఫార్మర్, మళ్ళీ డీసీ. సిద్ధాంతంలో నా బల్ల మీదున్న సర్క్యూట్‌కీ దీనికీ తేడా లేదు. జనం లక్షల సంఖ్యలో కొనుక్కున్న మొదటి స్విచింగ్ సప్లై కారులో పాటలు వినటానికి తయారైంది. అందుకే ఆడియో దాని పుట్టిల్లు అన్నాను.

తరవాత రెండు వస్తువులు రావాల్సి వచ్చింది. మొదటిది కోర్. ఇనప రేకులు వేల హెర్ట్జ్ దగ్గర ఉడికిపోతాయి. 1930లో టోక్యోలో కాటో, టకేయి అనే ఇద్దరు ఫెర్రైట్ కనిపెట్టారు. ఐరన్ ఆక్సైడుని వేరే లోహాల ఆక్సైడులతో కలిపి కాల్చిన పింగాణీ లాంటి పదార్థం అది. దాన్ని తయారుచెయ్యటానికే 1935లో టీడీకే కంపెనీ పుట్టింది. మన తరం వాళ్ళకి టీడీకే అంటే క్యాసెట్లు. మళ్ళీ ఆడియోనే చూశారా :) యూరప్‌లో ఫిలిప్స్‌లో స్నూక్ అనే శాస్త్రవేత్త 1940లలో ఇదే దారిలో చాలా దూరం వెళ్ళాడు.

రెండోది స్విచ్చు. 1950లలో ట్రాన్సిస్టర్ రాగానే ఊగే రేకు పని అయిపోయింది. రెండు ట్రాన్సిస్టర్లూ ఒక కోరూ పెట్టి తనంతట తానే ఊగే సర్క్యూట్‌ని రాయర్ అనే ఇంజినీర్ చేశాడు, 1957లో పేటెంట్ వచ్చింది. ఇప్పటికీ దాని పేరు రాయర్ ఆసిలేటరే. అయితే అప్పటి ట్రాన్సిస్టర్లు తక్కువ వోల్టేజివి, నెమ్మదివి, ఖరీదైనవి. వీటిని కొనగలిగింది బరువు తగ్గటానికి ఎంతైనా ఖర్చుపెట్టేవాళ్ళు మాత్రమే. అంటే అంతరిక్షం, సైన్యం. చంద్రుడి మీదకి వెళ్ళిన అపోలో నౌకలోని గైడెన్స్ కంప్యూటర్‌కి స్విచింగ్ సప్లైలే ఉన్నాయి. భూమ్మీది వాళ్ళకి అది అందలేదు.

పిల్ల పుట్టిల్లు వదిలింది ఇక్కడే. ట్రాన్సిస్టర్ రేడియోకి రెండొందల వోల్టులు అక్కర్లేదు, కారు బ్యాటరీ సరిపోతుంది. వైబ్రేటర్ అక్కర్లేకపోయింది. ఇళ్ళలో హైఫై సెట్లకి గోడ కరెంటూ, ఇనప ట్రాన్స్‌ఫార్మరూ ఉన్నాయి. ఆడియోవాళ్ళు స్విచింగ్‌ని మర్చిపోయారు.

పట్టుకున్నది కంప్యూటర్ వాళ్ళు. అప్పటి కంప్యూటర్ బోర్డులకి 5 వోల్టులు, ఆ అయిదూ కచ్చితంగా అయిదే ఉండాలి. పాత పద్ధతిలో అయితే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఎనిమిదో తొమ్మిదో వోల్టులు తెచ్చి, మిగిలిందాన్ని రెగ్యులేటర్‌లో వేడి కింద తగలెయ్యాలి. లోపలికి వచ్చిన కరెంటులో సగం బోర్డుకి చేరదు. ఆ వేడికి పెద్ద హీట్‌సింకులు, వాటికి ఫాన్లు. 1967లో ఆర్‌ఓ అసోసియేట్స్ అనే కంపెనీ 20 కిలోహెర్ట్జ్ స్విచింగ్ సప్లై అమ్మకానికి తెచ్చింది. 20 కిలోహెర్ట్జే ఎందుకంటే మనిషి చెవి అక్కడితో ఆగుతుంది, సప్లై కీచుమన్నా మనకి వినపడదు.

నాకు ఈ కథలో బాగా నచ్చిన మనిషి రాబర్ట్ బోషర్ట్. 1970లో ఉద్యోగం మానేసి వంటగది బల్ల మీద పవర్ సప్లైలు చెయ్యటం మొదలుపెట్టాడు. ఆయన పట్టుదల ఒక్కటే: స్విచింగ్ సప్లైలో ఉన్న సామాన్లన్నీ ఒక్కొక్కటే తీసేస్తూ, మామూలు ట్రాన్స్‌ఫార్మర్ సప్లై ధరకి తేవాలి. 1974కల్లా ప్రింటర్ల కోసం చవగ్గా, పెద్ద సంఖ్యలో అమ్మాడు. 1977కల్లా ఆయన కంపెనీలో 650 మంది. యుద్ధవిమానాలకీ ఉపగ్రహాలకీ కూడా సప్లైలు చేశారు. 1976లో సిలికాన్ జనరల్ కంపెనీలో రాబర్ట్ మమానో ఈ సప్లైని నడిపించే తెలివినంతా ఒక్క చిప్‌లో పెట్టాడు, దాని పేరు ఎస్‌జీ1524. ఒక బోర్డు నిండా ఉండే సర్క్యూట్ గోరంత అయిపోయింది.

ఇప్పుడు ఆపిల్ దగ్గరికి వద్దాం. 1977లో ఆపిల్ 2 వచ్చింది. ఫాన్ శబ్దం ఉండకూడదని స్టీవ్ జాబ్స్ పట్టు. రాడ్ హోల్ట్ అనే ఇంజినీర్ దానికి 38 వాట్ల చిన్న స్విచింగ్ సప్లై చేసిపెట్టాడు. ఫాన్ లేదు. చక్కటి డిజైను, 1978లో పేటెంటూ వచ్చింది. 2011లో వచ్చిన వాల్టర్ ఐజాక్సన్ రాసిన జీవితచరిత్రలో జాబ్స్ ఏమన్నాడంటే, ఇవ్వాళ ప్రపంచంలో ప్రతి కంప్యూటరూ హోల్ట్ డిజైన్‌నే కాపీ కొట్టిందని, చరిత్ర ఆయనకి రావాల్సిన పేరు ఇవ్వలేదని.

వినటానికి ఎంత బాగుందో! తన టీములో మనిషికి పేరు రావాలని బాస్ అడగటం మన ఆఫీసుల్లో ఎప్పుడైనా చూశామా :) కానీ నిజం అది కాదు. కెన్ షిరిఫ్ అనే ఆయన మర్నాడే అన్నట్టు, 2012లోనే, పాత సర్క్యూట్లన్నీ తిరగేసి ఈ మాటని పూర్వపక్షం చేశాడు. హోల్ట్ కంటే ముందే బోషర్ట్ అమ్ముతున్నాడు, హెచ్‌పీ వాడుతోంది, టెక్ట్రానిక్స్ ఆసిలోస్కోపుల్లో పెట్టింది. తరవాత వచ్చిన పీసీ క్లోన్లలో ఎక్కువగా కనపడింది హోల్ట్ పద్ధతి కాదు, టీఎల్494 అనే చిప్పుతో నడిచే హాఫ్ బ్రిడ్జ్. హోల్ట్ గొప్ప ఇంజినీరే, అందులో సందేహం లేదు. కానీ ఆయన ఆ బస్సు నడపలేదు, బస్సు వచ్చినప్పుడు స్టాపులో సిద్ధంగా ఉన్నాడు. బస్సుని తెచ్చింది ఎక్కువ వోల్టేజిని వేగంగా కొయ్యగలిగి, ధర దిగొచ్చిన ట్రాన్సిస్టర్లు.

పేరు రానివాడికి పేరు ఇప్పిద్దామన్న మంచిమాట కూడా ఇంకో పదిమంది పేర్లు తుడిచెయ్యగలదని నాకు అర్థమైంది ఇక్కడే. ప్రాజెక్టు రిలీజ్ అయినరోజు వచ్చే ఈమెయిల్లో ఒక్క పేరే ఉంటే, టెస్టింగ్‌లో రాత్రులు కూర్చున్న అమ్మాయికి ఎలా ఉంటుందో మనకి తెలియంది కాదు.

మన ఇళ్ళలోకి ఇది ఎలా వచ్చిందో గుర్తుందా? 1982 ఏషియన్ గేమ్స్‌తో కలర్ టీవీలు వచ్చాయి. టీవీ పక్కనే ముల్లు ఊగే మీటరుతో స్టెబిలైజరు. సాయంత్రం ఏడింటికి వోల్టేజి పడిపోతే అది "టక్ టక్" మని కొట్టుకునేది. తరవాత్తరవాత వచ్చిన టీవీల్లో ఎస్ఎంపీఎస్ ఉండేది. వోల్టేజి తగ్గితే స్విచ్చుని కాస్త ఎక్కువసేపు వేసి ఉంచుతుంది, పెరిగితే తక్కువసేపు. 150 వచ్చినా 260 వచ్చినా బొమ్మ కదలదు. మా ఊళ్ళో స్టెబిలైజర్లు అటకెక్కింది అందుకే. ఆ పని చేసిన వస్తువు పేరు మాత్రం ఎవరికీ తెలీదు.

మరి ఇంత మంచి వస్తువుని ఆడియోవాళ్ళు ఇరవై ఏళ్ళు ఎందుకు దూరం పెట్టారు? మొదట్లో నేనూ "మూఢనమ్మకం" అనుకున్నాను. కొట్టాయన మాటని కూడా అలాగే కొట్టిపారేశాను. కట్టటం మొదలుపెట్టాక బుద్ధొచ్చింది. మూడు న్యాయమైన కారణాలున్నాయి.

ఒకటి, వాళ్ళకి అంత అవసరం లేదు. కంప్యూటర్లో సగం కరెంటు రెగ్యులేటర్‌లో తగలబడేది కాబట్టి మారారు. పవర్ ఆంప్లిఫయర్‌లో సాధారణంగా రెగ్యులేటరే ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, రెండు పెద్ద కెపాసిటర్లు, అంతే. అందులో వృథా తక్కువ. మారితే తగ్గేది బరువు ఒక్కటే. షోకేసులో కూర్చునే వస్తువుకి బరువు తగ్గితే ఎంత, తగ్గకపోతే ఎంత!

రెండు, సంగీతం కంప్యూటర్లా నిలకడగా కరెంటు లాగదు. సగటున అయిదు వాట్లు లాగుతూ, మృదంగం మీద దెబ్బ పడగానే ఒక్క క్షణం వంద అడుగుతుంది. ఇనప ట్రాన్స్‌ఫార్మర్ పాతకాలపు పెదనాన్న లాంటిది, కాసేపు మూడింతలు మొయ్యమన్నా గొణుక్కుంటూ మోస్తుంది. స్విచింగ్ సప్లై అలా కాదు. హద్దు దాటితే తనని తాను కాపాడుకోటానికి టప్పున ఆగిపోతుంది, ఆ కాపలా లేకపోతే పేలిపోతుంది.

మూడు, రొద నిజంగానే ఉంది. ఒక్కో కోతలోనూ వోల్టేజి నిట్టనిలువునా లేచి పడుతుంది. ఆ అంచుల్లోంచి మెగాహెర్ట్జ్‌ల దాకా చెత్త బయటికొస్తుంది. పక్కన మీడియం వేవ్ రేడియో పెట్టి చూడండి, వార్తలకి బదులు జుర్రుమని వినపడుతుంది. దీన్ని ఫిల్టర్లతో ఆపొచ్చు, కానీ ఎలా ఆపాలో నేర్చుకోటానికి పరిశ్రమకి ఏళ్ళు పట్టింది.

అయితే ఇందులో ఒక వింత ఉంది. స్విచింగ్ అంటే ముక్కు విరిచిన ఆడియో ప్రియులే కారెక్కి చక్కగా వినేవారు. కారు బ్యాటరీతో నేరుగా ఇరవై వాట్ల దగ్గరే ఆగిపోతాం. అంతకు మించిన కారు ఆంప్లిఫయర్ ఏది విప్పినా లోపల ఒక ఫెర్రైట్ ఉంగరం, దానికి రాగి చుట్లు, పక్కన చాలాసార్లు అదే టీఎల్494. 1930ల నాటి వైబ్రేటర్ వేషం మార్చుకుని అదే కారులో కూర్చుంది.

తిరుగు ప్రయాణం మెల్లగా జరిగింది. 1970ల చివర్లో సోనీ పల్స్ పవర్ సప్లై అని పేరుపెట్టి హైఫై ఆంప్లిఫయర్లు తెచ్చింది, కాస్త తొందరపడ్డట్టే లెక్క. అప్పటికి సరైన మాస్‌ఫెట్లు ఇంకా మార్కెట్లో కుదురుకోలేదు. 1989లో ఇంగ్లండులో జాన్ ఫ్రాంక్స్ విమానాల పవర్ సప్లైల అనుభవంతో కార్డ్ ఎలక్ట్రానిక్స్ మొదలుపెట్టి, ఖరీదైన ఆంప్లిఫయర్లలో స్విచింగ్ సప్లైలే పెట్టాడు. మొదటి కొనుగోలుదారుల్లో బీబీసీ ఉంది. ఇక 1990లలో క్యూఎస్సీ లాంటి కంపెనీలు కచేరీల ఆంప్లిఫయర్లలో ఇవే పెట్టాయి. షోకేసులో బరువు లెక్కలోది కాదు గానీ, లారీలోంచి స్టేజీ మీదకి ముప్ఫై ఆంప్లిఫయర్లు మోసే కుర్రాడి నడుముకి అది లెక్కే. 2000 తరవాత క్లాస్ డీ ఆంప్లిఫయరూ, స్విచింగ్ సప్లైయూ ఒకే బోర్డు మీద రావటం మామూలైపోయింది. పిల్ల ఇంటికొచ్చేసింది.

ఇక నా బల్ల దగ్గరికి వస్తాను. నేను ఎంచుకున్నది హాఫ్ బ్రిడ్జ్. గోడ నుంచి వచ్చే 230ని డీసీ చేస్తే 325 వోల్టులు. రెండు కెపాసిటర్లు దాన్ని చెరిసగం పంచుకుంటాయి. రెండు మాస్‌ఫెట్లు ట్రాన్స్‌ఫార్మర్ కొసని ఒకసారి పైకీ ఒకసారి కిందకీ లాగుతాయి. గోదావరి కాలవల మీద లాకులు చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక తలుపు పూర్తిగా మూశాకే రెండోది తియ్యాలి. రెండూ ఒక్క క్షణం కలిసి తెరుచుకుంటే 325 వోల్టులూ అడ్డంలేకుండా పారతాయి. ఆ జాగ్రత్తంతా ఐఆర్2153 అనే చిన్న చిప్ చూసుకుంటుంది, మధ్యలో సుమారు 1.2 మైక్రోసెకన్లు రెంటినీ మూసి ఉంచుతుంది. దానికి 15 కిలోఓముల రెసిస్టరూ, 1 నానోఫారడ్ కెపాసిటరూ పెడితే 47 కిలోహెర్ట్జ్. ఈటీడీ39 కోర్. లెక్క కడితే చుట్టుకి మూడున్నర వోల్టులు. ప్రైమరీ 46 చుట్లు, సెకండరీ 10, 10. బయటికి ప్లస్ 35, మైనస్ 35. మొత్తం బరువు మూడొందల గ్రాములు దాటలేదు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మెకానిక్కులందరూ చేసే పనే చేశాను, వరసలో ఒక వంద వాట్ల బల్బు పెట్టాను. తప్పుంటే బల్బు వెలుగుతుంది, మాస్‌ఫెట్లు బతుకుతాయి. బల్బు ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయింది. ప్లస్ 35, మైనస్ 35. ఆ ఆనందం ఏ బిల్డ్ పాసైనప్పుడూ రాలేదు, ఒట్టు.

తరంగం ఎలా ఉందో చూద్దామని స్నేహితుడింటికి పట్టుకెళ్ళాను, వాడి దగ్గర ఆసిలోస్కోప్ ఉంది. బల్బు తీసేసి, ప్రోబ్ క్లిప్పుని ప్రైమరీ వైపు మైనస్‌కి తగిలించాను. ఢాం. ఇంట్లో కరెంటు పోయింది. ఐఆర్2153 నడుం విరిగింది, మాస్‌ఫెట్లు రెండూ పోయాయి. స్కోప్ క్లిప్పు ఎర్త్‌కి కలిపి ఉంటుందనీ, నా మైనస్ ఎర్త్ కాదనీ రెండో సంవత్సరం లాబ్‌లోనే చెప్పారు. పరీక్షలో రాశాను కూడా.

రెండోది జాగ్రత్తగా కట్టాను. ఫిల్టరు బాగా వేశాను, రేకు డబ్బాలో పెట్టాను. ఒక ఆదివారం మా ఆవిణ్ణి కూర్చోబెట్టి పాత ట్రాన్స్‌ఫార్మరూ, కొత్త సప్లై మార్చి మార్చి, ఏది పెట్టానో చెప్పకుండా వినిపించాను. పది సార్లలో అయిదు సార్లు సరిగ్గా చెప్పింది. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. నాకూ తేడా తెలీలేదు. కొట్టాయనకి చెప్పాలనుకున్నాను, "చూశారా, నాయిస్ రాలేదు" అని.

రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. మా అమ్మాయి రోజూ స్కూల్నుంచి రాగానే ఫోను తగిలించి పాటలు పెట్టేది. తరవాత వోల్టేజి ఇంకో నాలుగైదు పెంచుదామనిపించి ట్రాన్స్‌ఫార్మర్ విప్పాను. పై టేపు తీశాను. సెకండరీ మొదటి చుట్టు బాబిన్ అంచు దగ్గర జారి, పసుపు టేపు పక్కనుంచి కిందకి దిగి, ప్రైమరీ తీగ మీద పడుకుని ఉంది. రెంటికీ మధ్య ఉన్నది తీగ మీది ఎనామెల్ పూత ఒక్కటే. అటువైపు గోడ కరెంటు. ఇటువైపు ఆంప్లిఫయర్ గ్రౌండు, అక్కణ్ణుంచి ఫోను వైరు, ఆ వైరు చివర లోహపు పిన్ను. ఆ పిన్ను రోజూ మా అమ్మాయి చేతిలో.

చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఎర్త్ ఉంది కదా, ఏదైనా అయితే స్నేహితుడింట్లో లాగా ఫ్యూజు పోయేది అని సర్దిచెప్పుకోబోయాను. అనుమానం వచ్చి ఎలక్ట్రీషియన్ని పిలిచి సాకెట్ విప్పించాను. మూడో రంధ్రం వెనక వైరే లేదు. అద్దె ఇల్లు, కట్టినప్పట్నుంచీ అంతేనట. ఆ రోజు స్నేహితుడింట్లో ఢాం అన్నప్పుడు నా అదృష్టాన్ని తిట్టుకున్నాను. వాళ్ళింట్లో ఎర్త్ సరిగ్గా ఉండబట్టే అది అలా అరిచి చెప్పింది. మా ఇంట్లో అయితే నోరెత్తకుండా ఊరుకునేది.

చవకరకం కాదని తెలిసిన ఒక పాత చార్జరు విప్పి చూశాను. అదే పసుపు టేపు, మూడు పొరలు. రెండు అంచుల్లోనూ తీగ జారకుండా వేరే టేపు పట్టీలు. బోర్డు మీద ఇటుపక్కకీ అటుపక్కకీ మధ్య కందకంలా ఖాళీ, ఒకచోట బోర్డునే కోసేశారు. ఇవేవీ వోల్టేజి ఇవ్వవు, శబ్దం బాగుచెయ్యవు. ఏ రోజూ ఎవరికీ ఏమీ కాకుండా ఉండటం తప్ప వాటికి వేరే పనిలేదు. ఆ పట్టీలు ఎంత వెడల్పు ఉండాలో, టేపు ఎన్ని పొరలుండాలో రాసిపెట్టిన కమిటీల్లో ఎవరున్నారో ఏ జీవితచరిత్రలోనూ రాదు.

స్విచింగ్ సప్లైని ఎవరు కనిపెట్టారు అన్న ప్రశ్నతో మొదలుపెట్టాను. కెటరింగా, రాయరా, బోషర్టా, హోల్టా అని వారాలు తవ్వాను. ఆ ట్రాన్స్‌ఫార్మర్ విప్పాక నాకు ఆ ప్రశ్న చిన్నదిగా అనిపించింది. నేను కట్టింది కూడా పనిచేసింది. నా మెషీన్ మీద నడిచింది కదా అని మనం అంటామే, సరిగ్గా అలా. కనిపెట్టినవాడికీ, నాలాంటివాడికీ పనిచేస్తే చాలు. పనిచెయ్యటానికీ, పక్కింటి పిల్ల ముట్టుకున్నా ఫరవాలేదనటానికీ మధ్య ఉన్న దూరాన్ని పేరులేని చాలామంది నలభై ఏళ్ళపాటు నడిచారు. మన చార్జరు చేతిలో ఇమిడిపోయేది వాళ్ళ వల్ల కూడా.

ఆంప్లిఫయర్‌లో ఇప్పుడు పరీక్షలన్నీ పాసైన, బజార్లో కొన్న స్విచింగ్ సప్లై ఉంది. సాకెట్‌కి ఎర్త్ వైరు లాగించాను, ఇంటి ఓనరుతో చిన్న గొడవపడి మరీ. బరువు నాలుగున్నర కిలోలకి దిగింది. మా ఆవిడ సంతోషించింది. నేను కట్టింది తీగలు కత్తిరించి బల్ల మీద పెట్టుకున్నాను. ఎవరైనా వచ్చి "మీరే చేశారా?" అని అడిగితే అవునంటాను. ఆ జారిన చుట్టు చూపిస్తాను.

కొట్టాయన దగ్గరికి మాత్రం వెళ్ళి చెప్పలేదు. వద్దు సార్ అన్నాడు పాపం. కారణం వేరే చెప్పాడంతే.